ఎల్లాజీ వేలు

అల్ ఖోర్ రేవులో ముందు జెండా ఒరిగింది,
తర్వాత మేం.
షమాల్ అంటే వాళ్ళ మాటలో ఉత్తరం, అంతే.
మాకది అప్పులవాడి పేరులా వినిపిస్తుంది:
వచ్చాడా, ఎన్నాళ్ళుంటాడు,
ఏం పట్టుకుపోతాడు.

నాలుగు రోజులైంది, పడవలు తాళ్ళకి కట్టేసి.
కొయ్యకి కొయ్య ఒరుసుకునే చప్పుడు
నిద్రలో పళ్ళు కొరికే మనిషిది.
జనవరి. ఇసకా ఉప్పూ కలిసి
పెదవుల మీద పెచ్చు కట్టాయి.
మన వైపు గాలికి వాసనుండేది,
ఎండుచేపదో, జీడితోటదో, తడిసిన వలదో.
దీనికి ఏదీ లేదు.
ఎవరి ఊరూ తాకకుండా వచ్చినట్టుంది.

ఫోన్లో చూసి ముగతయ్య చెబుతాడు,
ఇవాళ యాభై, రేపు నలభై, ఎల్లుండి తగ్గుద్దని.
కారి ఎల్లాజీ వినడు.
రేవు మెట్ల మీద గొంతుక్కూర్చుని
చూపుడువేలు నీళ్ళలో పెడతాడు.
పది లెక్కపెట్టి, తీసి, నాకి, ఉమ్మేస్తాడు.
"ఇంకా సల్లబడతాది. మడ అడివి కాడ సేప లేదు,
లోతుకి దిగిపోనాది."
ఆ వేలికి గోరు లేదు.
ముప్పై ఏళ్ళ కిందట ఒక తాడు పట్టుకుపోయింది.
గోరు లేని చోటే చలి ముందు తెలుస్తుందట.

వేట లేని రోజుకి వాటా లేదు.
బియ్యం మాత్రం ఎవర్నీ అడక్కుండా తగ్గుతుంది.
ఓనరు అబూ జాసిం కారద్దం దించి
గాలిని తిట్టాడు, మమ్మల్ని కాదు.
కానీ మా వంకే చూస్తూ తిట్టాడు.

అక్కడ, పన్నెండు బారల నీళ్ళలో
మా ఇనపతీగ బుట్టలు, గర్గూర్లు, నలభై.
వాటిలో దూరినవి ఏం తింటున్నాయో,
దేన్ని ఏది తింటోందో,
రాత్రుళ్ళు నాకదే ధ్యాస.

ఐదో తెల్లారగట్ల గాలి పడిపోయింది,
ఎవరి చేతిలోంచో జారిన గిన్నెలా.
బయల్దేరాం.
ఇంజను మూత మీద అరచేతులు ఆనించాం.
ఆ పడవలో జ్వరమున్నది దానికొక్కదానికే.

నీరింకా తేరుకోలేదు, సున్నం కలిపి వదిలేసినట్టుంది.
మొదటి బుట్ట ఖాళీ. రెండోదీ ఖాళీ.
మూడోది అసలు దొరకనే లేదు.
తాడు లాగుతుంటే వేళ్ళు నావి కావు.
ముడి విప్పడానికి పళ్ళు పెట్టాను,
కాసేపటికి అవీ నావి కావు.

పదకొండోదాంట్లో హమూర్లు, మూడు.
ఎగరలేదు, కొట్టుకోలేదు.
చెక్క మీద పడి, నోరు సగం తెరిచి,
నిద్రలో పిలిస్తే ఊ కొట్టినట్టు
తోక ఒక్కసారి కదిపాయి.
"సలికి సేప ఆకలి మర్సిపోతాది," అన్నాడు ఎల్లాజీ.
"కోపం కూడా."

ముప్పైరెండో తాడు బరువుగా వచ్చింది.
మా బుట్టతో పాటు ఇంకొకటి.
నీలం డబ్బా మీద ఎర్ర గీత, పక్క పడవ గుర్తు.
గాలి రెండింటినీ ఈడ్చుకొచ్చి జడేసింది.
మాదాంట్లో పీతలు.
వాళ్ళదాంట్లో హమూర్లు తొమ్మిది, ఒక్కోటీ నా చెయ్యంత.

ఎవరూ మాట్లాడలేదు.
బియ్యం డబ్బాలో ఎంతుందో అందరికీ తెలుసు.
సరంగు ఫర్హాద్ అటు తిరిగి
సిగరెట్ వెలిగించుకుంటున్నాడు,
లేని గాలికి దోసిలి అడ్డం పెట్టి, చాలాసేపు.

ఎల్లాజీ చిక్కు విప్పడం మొదలెట్టాడు.
కత్తి ఇస్తే వద్దన్నాడు,
కోస్తే ఆళ్ళ తాడు పొట్టయిపోతాదని.
గోరు లేని వేలు ముడిలోకి దూర్చి, అరగంట.
తొమ్మిదీ లోపలుండగానే
బుట్ట మళ్ళీ నీళ్ళలోకి.
నేను లెక్కేస్తూనే ఉన్నాను,
ఒక్కోటి ఎన్ని కిలోలు, కిలో ఎన్ని రియాళ్ళు.
అది అడుగు తాకి తాడు వదులయ్యేదాకా
లెక్క ఆగలేదు.

మంచివాడని చెప్పడానికి కాదు ఇదంతా.
పొద్దుగూకేదాకా నేనతనితో మాట్లాడలేదు.

తిరిగొస్తుంటే మళ్ళీ వేలు ముంచాడు.
పది లెక్కపెట్టాడు. ఈసారి నాకలేదు.
"ఎలగుంది?" అన్నాను, ఉండబట్టక.
"ఇంకో గాలుంది," అన్నాడు
వేలు చంకలో దాచుకుంటూ.
"ఈపాలి మన బుట్టలు
ఎవులి తాడుకి సిక్కుకుంటాయో."