పద్మనాభం, ఏడో ఆట

ఫ్యాను వేస్తే సైన్యాలు ఎగిరిపోతాయి.
అందుకే కంచరపాలెం రైల్వే క్వార్టర్లో
చెమటలు కక్కుతూ యుద్ధం.

చార్టు మీద దాలినాయుడు గీసిన ఆరుపలకల గళ్లు.
పద్మనాభం కొండకి ఆకుపచ్చ స్కెచ్చు,
గోస్తనికి నా పాత నీలం ఇంకు.
రాజు మనుషులు పసుపు అట్టముక్కలు, వాడివి.
కంపెనీ ఎరుపు నాది, ప్రతిసారీ నాదే.
"నీకు పాచికలు పడతాయిరా" అంటాడు.

వరస కట్టించి, ముందువాళ్లని మోకాళ్ల మీద కూర్చోబెట్టి
పేల్చాను.
ఐదు, ఆరు.
పసుపు ముక్క బోర్లా పడింది.
రూలు ప్రకారం రెండు గళ్లు వెనక్కి జరపాలి.
జరపలేదు వాడు. గోటితో అట్ట అంచు గీకుతూ
నా ఎరుపు వేపే చూస్తన్నాడు.

"ఇందల దొరలెంతమందిరా?"
నాలుగు ముక్కలు.
"మిగిలినోళ్లు?"
సిపాయిలు. మనూళ్లోళ్లే,
ఏ పోలయ్యో, ఏ గురుమూర్తో,
నెలజీతానికి ఎర్రకోటు తొడుక్కున్నోళ్లు.

"ఆళ్లు పేల్చమంటే?
దానికెంత పడాలి?"

పధ్నాలుగు పేజీల రూల్సూ తిరగేశాను.
ఎక్కడా లేదు.
రాసింది నేనే.

యార్డులో గూడ్సు కప్లింగులు
ఈ చివర్నుంచి ఆ చివరికి
టపటపా బిగుసుకున్నాయి.
వాడు పాచికలు నా చేతిలో పెట్టాడు,
తడితడిగా.