లంగరు వేయరాదు

రేవులో ఆ నోటీసు అంటించింది నేనే.
ఇంగ్లీషులో రెండు పేజీలు, తెలుగులో నాలుగు వాక్యాలు.
ఫలానా అక్షాంశం నుంచి ఫలానా దాకా
లంగరు వేయరాదు, వల ఈడ్వరాదు.
మత్స్యశాఖలో నా కొలువు అంతే,
ఢిల్లీ మాటను జాలారిపేట చెవికి పట్టేంత కత్తిరించడం.

సూరాడ ఎల్లాజీ వల కుడుతూ తలెత్తకుండా అడిగాడు,
"అడుగున ఏటుంది బాబూ?"
తీగ.
"తీగలో?"
మాటలు, బొమ్మలు, బ్యాంకుల పద్దులు,
మీ మనవరాలి ఫోనులో ఆట కూడా.
"తీగ ఎవుల్ది?"
డాల్ఫిన్ నోస్ వైపు చూశాను.
జవాబు తెలియని వాడికి
ఆ కొండ బాగా పనికొస్తుంది.

శ్రావణంలో ఒక రాత్రి తీగ తెగింది.
ఇక్కడ కాదు, ఆరొందల మైళ్ల అవతల
ఎవరి నీళ్లో తేలని నీళ్లలో.
తెల్లారేసరికి నా బల్ల మీద మూడు ప్రకటనలు.
ఒక రాజ్యం అంది: నల్లటి పడవ, దీపాలార్పుకుని, కావాలనే.
ఇంకో రాజ్యం అంది: పడవ లేదు, అసలా రాత్రే లేదు.
మన రాజ్యం అంది: గమనిస్తున్నాం.
మూడూ తెలుగు చేశాను.
మూడూ ఒకే గొంతులా వినబడ్డాయి.
తప్పు నా తెలుగుదేనేమో.

ఆ రోజు ఫోన్లు పలకలేదు.
కోనాం ధర కేకల మీద జెట్టీ దాటింది.
గరికిన నూకరత్నం అప్పులన్నీ
వేళ్ల కణుపుల మీదికి దించుకుంది,
ఒక్క రూపాయి తేడా రాలేదు.

మధ్యాహ్నం జీపొచ్చింది.
లంగర్లు తూచారు, తుప్పు గీకి సీసాల్లో పోశారు.
ఎల్లాజీ లంగరును గోనెలో కట్టి మోసుకుపోతుంటే
"రసీదు?" అన్నాడు.
అతని పడవ నీలం. అంచున పసుపు గీత, అత్తగారి పేరు.
నల్లటిదన్నారు కదండీ, అనబోయాను.
నాలుగు వాక్యాల్లో అది లేదు.

నాలుగు నెలలకు లంగరు తిరిగొచ్చింది,
మెడ మీద తెల్లరంగు నంబరుతో.
"ఇది ఏ బాస?" అని నన్నే అడిగాడు.

నిన్న పొద్దుగూకే వేళ నన్ను పడవెక్కించి
నోటీసులోని గీత దాకా తీసుకెళ్లాడు.
ఇంజనాపి, తెడ్డు నీళ్లలోకి దించి
పిడికి చెవి ఆనించాడు.
కవళ్ల గుంపు ఎటుందో వాళ్ల నాన్న అలాగే వినేవాడట.
చాలాసేపు.
"ఏటినబడతంది?" అన్నాను, అతని బాసలోనే.

"ఎవులో ఎవుల్నో
లెక్కెడతన్నారు బాబూ."

తెడ్డు నావైపు చాపాడు.
చెవి పెట్టలేదు నేను.