శివారు ఆయకట్టు

మూడు రోజులుగా రెండు కాగితాలూ బల్ల మీదే ఉన్నాయి.
ఒకదాని మీద తేగ తొక్కలు,
ఇంకోదాని మీద సరోజిని పెట్టిన టీ గ్లాసు మచ్చ.

మచ్చ ఉన్నది కంపెనీది. నేరుగా.
"మధ్యలో ఎవరూ ఉండరు సత్తిరాజు గారూ,
కమీషన్ మొత్తం మీదే" అన్నాడు
అమలాపురం బ్రాంచిలో కొత్త మేనేజరు కుర్రాడు.
మొత్తం అన్న మాట దగ్గర పళ్ళన్నీ కనిపించాయి.
ఏడాదికి ఇరవై నాలుగు పాలసీలన్నది మాత్రం
చీమ కాళ్ళంత అక్షరాల్లో ఉంది.

తేగ తొక్కల కిందిది రాజమండ్రి వాళ్ళది.
పదకొండు కంపెనీలు ఒకే సంచిలో:
రొయ్యల చెరువుకి ఒకటి, లారీకి ఒకటి, గుండెకి ఒకటి.
ఫారాలు వాళ్ళే నింపుతారు,
నూటికి ముప్పై వాళ్ళే ఉంచుకుంటారు.
వదిలి వెళ్దామంటే ఎన్.ఓ.సి. కావాలి,
ఆ సంతకం పెట్టే సారు
ఎప్పుడు వెళ్ళినా భోజనానికి వెళ్ళే ఉంటాడు.

పందొమ్మిదేళ్ళు మోపెడ్ మీద తిరిగాను,
సఖినేటిపల్లి రేవు నుంచి సముద్రం కనిపించేదాకా.
చావు అనే మాట నోట రాకుండా
చావు గురించి చెప్పడం నా పని.
"అలా జరక్కూడదనుకోండి, ఒకవేళ..."
ఆ ఒకవేళ మీదే ఇద్దరు పిల్లలు చదువుకున్నారు.

మా నాన్న కాలువ లస్కరు.
తూము పలక ఎత్తేవాడు, దించేవాడు.
శివారు రైతులు రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని గట్టెక్కి
పైవాళ్ళకి అమ్ముకున్నావని తిట్టేవారు.
ఆయన తిరిగి తిట్టేవాడు కాదు.
"ఏరు గట్టవతలే కదండీ,
మధ్యలో నేనెందుకు, నేరుగా తోడుకోండి" అనేవాడు.

వాళ్ళు మాట్లాడేవారు కాదు.
గట్టవతల ఏరు ఉప్పు.
పోటుకి సముద్రం లోపలికొచ్చి పడుకుంటుంది.
తీపి నీళ్ళు ధవళేశ్వరంలో బయల్దేరి,
లొల్ల లాకుల దగ్గర ఆగి,
గన్నవరం అక్విడక్టు మీద ఏటిని దాటి,
తూము తూముకీ కొంత వదిలేసుకుని
మా చేనికి చేరేసరికి మడమ తడిసేంత.
అయినా మొలిచేది ఆ నీళ్ళకే.

నాన్న మాట నిజమే.
వేసవిలో కాలువ కట్టేస్తారన్నదీ నిజమే.

కడలి ఏడుకొండలు తాటిచెట్టు మీంచి పడ్డాడు,
మొన్న ఆషాఢంలో, మోకు తెగి.
ఆ పాలసీ నేరుగా కంపెనీదే, నేనే రాశాను.
ఆధార్‌లో ఏడుకొండలు, పాలసీలో వెంకటేశ్వర్లు.
ఇద్దరూ ఒకరేనంటే తిరుపతిలో ఒప్పుకుంటారు,
అమలాపురం బ్రాంచిలో ఒప్పుకోలేదు.
మంగాయమ్మని మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని
తొమ్మిదిసార్లు తిరిగాను.
తొమ్మిదోసారి ఆవిడ దారంతా ఒక్క మాటా మాట్లాడలేదు.

చివరికి దారి చెప్పింది రాజమండ్రి సంస్థలో పిల్ల, హెప్సిబా.
వాళ్ళ పాలసీ కాదు, పైసా రాదు,
అయినా రాత్రి తొమ్మిదిన్నరకి ఫోనులో
అఫిడవిట్టు ఒక్కొక్క ముక్కా పలికింది,
చంటిపిల్లకి అన్నం తినిపిస్తూ.
మంగాయమ్మకి డబ్బొచ్చింది.

నూటికి ముప్పై ఆ పిల్లకైతే కళ్ళు మూసుకుని ఇస్తాను.
పోయిన నెల మానిపించేశారట.
ఆ నంబరుకి చేస్తే ఇప్పుడు
ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటోంది ఓ గొంతు.

"ఎంత మిగులుద్దో లెక్కెయ్యండి ముందు" అంది సరోజిని.
వేశాను. నేరుగా అయితే ఎక్కువే.
పెట్రోలూ, తొమ్మిదిసార్లూ తీసేస్తే ఎంతో
ఆ లెక్క కాగితం మీద తేలలేదు.

ఇంతలో ఫోను. పంటు మీద టిక్కెట్లు కోసే అబ్బాయి:
"ఆయ్, మీది ఏ కంపెనీ అండీ?"
చెప్పబోయి ఆగాను.
వాడికి కంపెనీ నేనే. తూమూ నేనే.
పలక ఎత్తకపోతే
రాత్రి లాంతరు వచ్చేది నా గుమ్మానికే.

పెన్ను తీసి రెండు కాగితాల మీదా అడుగున రాశాను:
క్లెయిము రోజున ఫోను ఎత్తే మనిషి పేరు తెలుపగలరు.
రెండూ తిప్పి పంపాను.

ఏది ముందు పేరుతో తిరిగొస్తే దాని మీద సంతకం.
పేరు చాలు.
ఇంటిపేరు కూడా రాస్తే మరీ మంచిది.