ముప్పై ఒకటో పోలు

శనివారం, ఆరూ పదికి,
పళ్లు తోముతూ పెరట్లోకొచ్చాను.
కాలవ దాటే తీగ మీద
ముప్పై ఒకటో పోలుకి రెండు బారలివతల
ఎప్పుడూ చూడని పిట్ట.

లకుముకే అనుకున్నాను ముందు.
ఆ కూచోడం అదే: మెడ భుజాల్లోకి దించి,
బాకీ వసూలుకొచ్చినవాడు అరుగెక్కి కూచున్నట్టు
నీళ్లకేసే చూస్తూ.
కానీ మన లకుముకి తల కాచు రంగు.
దీనిది నలుపు,
మా ఆదిశేషు బావ పెళ్లిళ్లకి వేసుకొచ్చే నలుపు.
మెడకి తెల్లటి పట్టీ.
ముక్కు పండుమిరపకాయ.
కడుపు తాటిపండు పీచు.
వీపుకి మాత్రం మాట దొరకలేదు.
నేరేడుపళ్లు తిన్న నాలికకీ
ఒలికిన సిరాకీ మధ్యెక్కడో ఉంది.

నోటినిండా నురగ.
ఉమ్మితే ఎగిరిపోద్దేమో.
సువర్చలని పిలుద్దామంటే నోరు తెరవాలి.
బ్రష్షుతో కిటికీ ఊచ మీద కొట్టాను, మెల్లిగా.
ఆవిడొచ్చేసరికి తీగ ఊగుతోంది.
"ఏదీ?" అంది.
తీగకేసి చూపించాను.
"అది రోజూ చూసేదేగా" అని
కాఫీ పెట్టడానికెళ్లిపోయింది.

పంతొమ్మిదేళ్లుగా లైన్‌మన్‌ని.
పోలేకుర్రు నుంచి రొయ్యల చెరువుల దాకా
ఏ స్తంభం ఎటు ఒరిగిందో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
పిట్టలూ తెలుసు నాకు.
కాకి, గోరింక, గూడకొంగ, ఒకసారి గుడ్లగూబ.
అన్నీ తీగలకి తగిలి వేలాడితే
కర్రతో నేను దింపినవే.
బతికున్నదాని ఆనవాళ్లు చెప్పాలంటే
ఎక్కడ మొదలెట్టాలో తెలీలేదు.

చెరువు కాపలా వీర్రాఘవులు సగమే విన్నాడు.
"రొయ్య తింటదా, తినదా? అది చెప్పండి ముందు."
చేతిలో టపాసుల సంచి.

పీతలమ్మే మంగాయమ్మ
తట్ట దించి మొత్తం వింది.
"అరుపెలా ఉంది?"
అరవలేదన్నాను.
"మడలోది బాబూ. పెద్ద పోటుకి ఇటొస్తాయొకోసారి."
"పేరు?"
"దాన్ని పిలిచే పనేం పడింది మాకు?"

ఆదివారం మడ అడవి దాకా బండేసుకెళ్లాను.
చెక్క వంతెన దగ్గర పిట్టల బొమ్మల బోర్డు.
నాలుగో వరసలో అదే వీపు, అదే ముక్కు.
తల దగ్గర మాత్రం రంగు పెచ్చులూడి
తుప్పు బయటపడింది.
కింద పేరులో "ముకి" ఒక్కటే మిగిలింది.
అంటే లకుముకే. దూరపు చుట్టం.
ఆ సగం పేరుతోనే ఇంటికొచ్చాను.

సోమవారం ఎల్.సి. తీసుకుని ముప్పై ఒకటెక్కాను.
పనేం లేదు, నిజానికి.
తీగ మీద జానెడు మేర తెల్లటి రెట్ట.
తుడవలేదు.
దిగాక, స్తంభం మొదట్లో, గడ్డిలో
చిటికెనవేలి గోరంత పాచిరంగు ముక్క.
జేబులో వేసుకున్నాను.

మంగాయమ్మ దాన్ని అరచేతిలో వేసుకుని
ఒక్కసారి తిప్పింది, అంతే.
"మండపీత పిల్ల. ఎడం చెయ్యి.
పెంకు మార్చి నాల్రోజులవలేదు,
చూడు, ఇంకా గట్టిపడనే లేదు."