వాలు దిమ్మె కోసం ఒక అర్జీ

దిమ్మెల ఆట తయారుచేసే వాళ్ళకి
వల్పరైసో రేవుకి ఎగువన, కొండ మూడో మలుపు నుంచి
అంపారో రాసుకునేది.
వయసు పన్నెండు. దిమ్మెల్లో అనుభవం ఐదేళ్ళు.

మీ లోకంలో అన్నీ చదరాలే.
పొద్దు చదరం, మబ్బు చదరం,
గొర్రె కూడా నాలుగు మూలల గొర్రె.
నాకేం అభ్యంతరం లేదు.
కానీ మా ఊళ్ళో చదునుగా ఉండేది
సముద్రం ఒక్కటే.
మా వంటింట్లో ఉల్లిపాయ చెయ్యి జారితే
కింద నెలిదా గారి కోళ్ళ మధ్య తేలుతుంది.
ఆవిడ తిరిగివ్వదు.

మీ దిమ్మెలతో మా కొండ కట్టాను.
ఆరు ఆదివారాలు పట్టింది.
రేకుల ఇళ్ళకి పసుపు వేశాను, నీలం వేశాను,
ఉతికిన దుప్పట్లు కూడా ఆరేశాను.
తీరా దూరంగా జరిగి చూస్తే
అది కొండ కాదు, మెట్లు.
ఎవరో కొరికి, నచ్చక వదిలేసినట్టు.
దాని మీంచి ఒక బండి వదిలాను.
దడదడ కొట్టుకుంటూ దిగింది.
అందులో కూర్చోబెట్టిన కోడి
నావైపు చూసిన చూపు మర్చిపోలేను.

కనుక అడుగుతున్నాను:
ఒక దిమ్మెని మూల నుంచి మూలకి కోయండి,
జున్నుగడ్డ కోసినట్టు.
పై ముఖం నున్నగా ఉండాలి,
నిలబడ్డవాణ్ణి నిలబడనివ్వకూడదు.
తయారీకి మూడు పలకలు, ఒక మైనం ముద్ద.
వరసగా పది పేరిస్తే
కేక పెట్టడానికి ఒక మీట కావాలి.
వాన పడితే ఇంకా జారాలి.
గొర్రె ఎక్కబోయి జారాలి, మళ్ళీ ఎక్కబోవాలి,
దానికి బుద్ధి రాకూడదు.
ఇసుక పోస్తే మాత్రం ఠక్కున ఆగాలి.
ఎలా తెలుసంటారా,
మా సందులో అట్టముక్క మీద జారుతూ
ఇసుక కుప్ప దగ్గర మా సిరో పన్ను రాలింది.
పాలపన్నే లెండి.
రాత్రి ఎలుక వచ్చి నాణెం పెట్టి తీసుకుపోయింది.

ఇంతవరకూ రాసి తాతకి చదివి వినిపించాను.
మా తాత బౌదీలియో
ముప్ఫై ఒక్క ఏళ్ళు కొండ లిఫ్టు నడిపాడు.
ఏటవాలు పట్టాలు, రెండు చెక్క గదులు.
ఒకటి దిగితే ఆ బరువుకి రెండోది ఎక్కుతుంది.
తొమ్మిదేళ్ళ నుంచి రెండూ సగం దారిలో
ఎదురెదురుగా నిలబడిపోయాయి,
ఎవరు ముందు మాట్లాడాలో తేలని చుట్టాల్లా.
మరమ్మతు, అంటారు ఆఫీసువాళ్ళు.
ఆ మాట వినపడితే తాత చెవి గోక్కుంటాడు.
గ్యాసు బండ మోసే కుర్రాడు
రోజూ మా మెట్ల మధ్యలో కూర్చుని
సముద్రాన్ని తిడతాడు, పాపం దానిదేం తప్పు.

తాతకి ఆట తెలీదు.
తెరవైపు చాలాసేపు చూసి అన్నాడు:
"జారడానికేముంది, ఎవడైనా జారతాడు.
నాకు జీతమిచ్చింది అందుకు కాదు."
కుడి గుప్పిట గాలిలో బిగించి
అక్కడ లేని పిడిని
మెల్లిగా, వేలెడు వేలెడు, వెనక్కి లాగాడు.
ఇంట్లో ఏదో ఆగినట్టయింది.
బహుశా ఫ్రిజ్.

అందుకని అర్జీ మారుస్తున్నాను.
దిమ్మె పక్కన ఒక పిడి పెట్టండి.
పట్టుకుంటే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగాలి.
ఇసుకలో ఆగినట్టు కాదు.
మోకాళ్ళు కొంచెం వంగి,
సంచిలో గుడ్లు పగలకుండా,
ఒళ్ళో నిద్రపోయే పిల్ల లేవకుండా.
ఎంత మెల్లగా అన్న లెక్క నా దగ్గర లేదు.
తాతని అడిగితే మళ్ళీ గుప్పిట చూపిస్తాడు గానీ
అంకె చెప్పడు.

ఇంకొకటి, కుదిరితేనే:
ఒకరు ఇటు దిగుతుంటే
అటు ఇంకొకరు ఎక్కాలి.
రంగు మీ ఇష్టం. ఆకుపచ్చ వద్దు,
గడ్డి అనుకుని గొర్రె మోసపోతుంది.

సంతకం పెడదామని కాగితం సర్దుకునేలోపు
పెన్సిలు దొర్లిపోయింది.
నెలిదా గారింటికి వెళ్ళొచ్చి