కుడి గీత మీది కణం

లేజరు కాగడానికి ఇరవై నిమిషాలు.
అంతదాకా చీకటి గదిలో నేనూ,
ఏసీ నీళ్ళు పట్టే ప్లాస్టిక్ బకెట్టూ.
గోడవతల కొర్లగుంట పోయే ఆటోల హారన్లు.

తిరుపతికి లెక్క కొత్తేమీ కాదు.
నిన్న కొండెక్కిన తలలెన్నో, అందులో గుండ్లెన్నో
పొద్దున్నే పేపర్లో వేస్తారు.
నా లెక్క ఏ పేపర్లోనూ రాదు:
ఒక కిడ్నీ ముక్క, బియ్యపు గింజలో సగం.
గాజుపలక మీద పేరుండదు,
నలభై ఒకటి అని పెన్సిలు రాత.

సూదిబెజ్జమంత కన్ను ఈ యంత్రానికి.
పై పొర వెలుగునీ కింది పొర వెలుగునీ గుమ్మంలోనే ఆపి
ఒక్క పొరను మాత్రం లోపలికి రానిస్తుంది.
అర మైక్రాను దిగు, ఆగు. మళ్ళీ దిగు.
ఉల్లిగడ్డను ఒలవకుండానే
పొర తర్వాత పొర చూడ్డం.

నల్లటి తెర మీద నీలం కేంద్రకాలు.
కొన్నిటి చుట్టూ ఆకుపచ్చ,
అవే వడపోత కణాలు, నాక్కావలసినవి.
ఐదో పొరలో తేలింది తొమ్మిదో పొరదాకా అదే.
ఒకే మనిషి ఐదు కిటికీల్లో కనబడితే
ఐదుగురని రాసుకోకూడదు.

చేతిలో మీట. టిక్. టిక్.
తాత్సారం పనికిరాదు,
చూడ్డానికి వేసిన వెలుగే
రంగును తినేస్తుంది.

నా లెక్క రెండువందల పన్నెండు.
పక్క గదిలో విడిగా లెక్కేసిన జరీనాకి పదమూడు.
"కుడి గీత మీద ఉండేదాన్ని వొదిలేసినావే?"
"సూత్రం మే అది. పై గీతా ఎడమ గీతా తాకితే మనది.
కింది గీతా కుడి గీతా తాకితే కాదు."
"మరి ఎవురిది?"
"పక్క గడిది."
"పక్క గడి మనం తీయనే లేదే!"

మా ఊరు నగరి అవతల.
వీధి నడిమధ్యన రాష్ట్రం మారుతుంది.
మా మేనత్త సుగుణమ్మకి పొయ్యి ఇటు, పడక అటు.
జనాభా లెక్కలకొచ్చి
పడక అటుందని ఇటువాళ్ళు పోయారు,
పొయ్యి ఇటుందని అటువాళ్ళు పోయారు.
"నన్ను ఎంచేలోపల
వాళ్ళకి తెచ్చిన మజ్జిగ పులిసిపాయ" అని నవ్వేది.

సూత్రం సూత్రమే.
పన్నెండని రాసి ఇద్దరం సంతకం పెట్టాం.

లేజరు ఆర్పబోతూ
ఎందుకో తెరని మళ్ళీ ఆ మూలకి జరిపాను.
అక్కడే ఉంది,
సగం గడిలో, సగం బయట,
ఇందాకటికంటే కాస్త వెలిసి.
నేను మళ్ళీ చూసినందుకు
ఇంకాస్త.