మానడం మానలేదు

ఒలుపు గునపం జారి భుజం చీరి
మూడేళ్ళు.
గాయం మానింది గానీ
మానడం మానలేదు.
పనసపిక్కంత మొదలై, ఎర్రగా, నున్నగా,
ఇప్పుడు పీతలా ఎముక మీద కూర్చుంది.
కావిడి బద్ద ఆనితే మంట.
రాత్రుళ్ళు దురద. మా సత్తెవేణి
కొబ్బరినూనె రాస్తూ దానితో మాట్టాడుద్ది:
"ఇంక చాలు, ఆగవే."

వెయ్యి కాయల కూలి వదులుకుని
ముక్తేశ్వరంలో పంటెక్కి, కోటిపల్లిలో బస్సెక్కి
కాకినాడ పెద్దాసుపత్రి.
కౌంటర్లో అబ్బాయి కార్డు చూశాడు, కంప్యూటర్ చూశాడు,
భుజం చూళ్ళేదు.
"ఇది అందానికి సంబంధించింది. దీనికి రాదు."
అందమా బాబూ,
యాభై రెండేళ్ళ ఒలుపోడి భుజానికి?

బల్ల మీద నా పక్కన
చెవులు కుట్టించిన చోట నేరేడుపళ్ళు కాసిన పిల్ల
చున్నీ ఇంకాస్త ముందుకి లాక్కుంది.

చర్మం డాక్టరమ్మ చిన్న వయసుది.
చెయ్యి పైకెత్తమంది. భుజమెత్తుకే ఆగిపోయింది.
"మచ్చ" అని రాసింది కొట్టేసి
"చెయ్యి లేవడం లేదు" అని రాసింది.
నెలకో సూది, ఆరు నెలలు.
మొదటిది, పచ్చికాయలో గునపం దిగినట్టే దిగింది.
రెండోదానికి వెళితే మందు లేదు.
మూడోదానికి ఆవిడే లేదు, బదిలీ.
కొత్తాయన కాగితం తిరగేసి చూసి
మళ్ళీ కౌంటరుకి పొమ్మన్నాడు.

ఆయ్, వెళ్ళాను.

చీకటిపడే వేళకి కోటిపల్లి రేవు.
ఆఖరి పంటు అప్పుడే ఒడ్డు విడిచింది.
కేకేసి చెయ్యెత్తాను.
సగం వరకే లేచింది.

సరంగు చూశాడు.
వెనక్కి తిప్పాడు.